గని సిద్ధంగా ఉన్నదా?

నంద్యాల,
జూన్ 10, 1985.

చింతగుట్ట ముగ్గురాయి గని మేస్త్రీ శ్రీ జకరయ్య గారికి,

నంద్యాల ఆఫీసు నుండి నమస్కరించి తెలియజేయునది.

మన యజమాని విశ్వేశ్వరయ్య గారు ఇటీవల హైదరాబాదులో గనుల యజమానుల సభకు వెళ్లి వచ్చిన సంగతి తమరు వినే ఉంటారు. గనిలో జరిగేది జరిగిన క్షణంలోనే ఆఫీసుకు తెలియాలని, అలా తెలియని గనులు ఇక ఎంతోకాలం నిలవవని ఆ సభలో పెద్దలు చెప్పినారట. అందువలన మన గనికీ ఆఫీసుకూ మధ్య వైర్‌లెస్ సెట్లు పెట్టించాలని యజమాని గారు నిశ్చయించినారు. అయితే సెట్లు అమ్మే హైదరాబాదు కంపెనీవారు ముందుగా మన గని అందుకు సిద్ధంగా ఉన్నదో లేదో అంచనా వేసి నివేదిక పంపమన్నారు. ఆ నివేదిక తయారుచేసే పని నాకు అప్పగించబడినది.

కావున గని సిద్ధంగా ఉన్నదా, ప్రస్తుతం గని కబురు ఆఫీసుకు ఏ దారిన ఎంతసేపట్లో వస్తున్నది, యంత్రంలో మాట్లాడదగిన మనిషి ఎవరు, కూలీలకు ఏమైనా అభ్యంతరాలు ఉన్నవా అనే సంగతులు తమరు వెంటనే వ్రాయగలరు.

ఇట్లు, తమ విధేయురాలు,
బి. శాంతమ్మ, టైపిస్టు.

తా.క. నాయనా, ముందువైపు ఉన్నదంతా మిషను మీద కొట్టింది. దాని కార్బన్ కాపీ సావుకారు చూస్తాడు కాబట్టి 'గారు', 'తమరు' అని పెట్టాల్సి వచ్చింది. ఈ వెనకవైపు చేత్తో రాసింది మనిద్దరికే. నీ జవాబులు మాత్రం ఇక్కడ సావుకారే విప్పుతాడు. ఇంటి సంగతులు అందులో కలపవద్దు. అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది?


చింతగుట్ట గని,
ఆళ్లగడ్డ మీదుగా.
జూన్ 19.

చిరంజీవి శాంతమ్మకు, నాయన జకరయ్య దీవించి రాసేది. ప్రభువు దయ వల్ల మేమిద్దరం బాగున్నాము. నువ్వూ బాగున్నావనే తలుస్తున్నాము.

నీ ఉత్తరం అందింది. జరిగింది జరిగిన క్షణంలో తెలియాలని నువ్వు రాసిన ఉత్తరం నా చేతికి రావడానికి వారం దాటింది.

'శ్రీ జకరయ్య గారికి' అని చూసి కాగితం మళ్లీ మడిచేశాను తల్లీ. మన ఇంటికి 'గారు' అని ఉత్తరం రావడం ఇది రెండోసారి. మొదటిది మా నాయనకు వచ్చింది, కాలువ పనిలోంచి తీసేశామని. మీ అమ్మ జీవమ్మ కూడా బియ్యం చేట కింద పెట్టి, "గారు అంటాండారంటే పొమ్మంటాండారనే" అని కూర్చుండిపోయింది. ఆ పూట పొయ్యి వెలిగించలేదు. 'తమరు' అనే మాట దగ్గర నేనూ కాసేపు చదవడం ఆపాను. నిన్ను భుజాన ఎక్కించుకుని ఇదే గనికి తెచ్చేవాణ్ణి. అప్పుడు నా జుట్టు పట్టుకుని లాగిందానివి, ఇప్పుడు 'విధేయురాలు' అయినావు.

సరే, అడిగినవాటికి జవాబులు. గని సిద్ధంగా ఉన్నదా అంటే, గని అంటే గుంత. గుంత దేనికి సిద్ధం కావాలి? కబురు ఏ దారిన వస్తుందంటే కొండయ్య లారీ దారిన. రాయి లోడు పడిందంటే ఆ పొద్దే నంద్యాల చేరుతుంది. ఆళ్లగడ్డలో వాళ్ల మేనత్త అన్నానికి పిలిస్తే మరుసటి రోజు. ఆమె సంగటి, ఊరిబిండి పచ్చడి చేసిందంటే నేను మాట ఇవ్వలేను.

యంత్రంలో మాట్లాడదగినవాళ్లు ఇక్కడ ఎవరూ లేరు. నేను అసలే తగను. నా గొంతు బాగుండదు.

అభ్యంతరాలు ఉన్నాయి. రాయి ఏరే ఆడవాళ్లకు పెద్ద మన ఆదెమ్మ కదా, యంత్రం పేరు వినగానే అందరినీ కూడగట్టింది. మనం మాట్లాడేదంతా ఆ పెట్టె నంద్యాలకు మోస్తుందట, మాకొద్దు అంటుంది. సావుకారును తిట్టుకోకుండా తట్ట ఎత్తడం వాళ్లకు అలవాటు లేదు. ఇప్పటినుంచే జాగ్రత్తగా ఉండాలని నోళ్లు కట్టుకున్నారు. దానితో పని సగమైంది.

గోస్పాడు సంబంధం విషయం. క్రిస్మస్‌కు వచ్చినప్పుడు నువ్వు సరే అన్నావు కదా. టీచరు జయరాజు తరఫు పెద్దలు పై నెలలో వస్తామని కబురు చేశారు. మీ అమ్మ ఇల్లు అలికే పనిలో ఉంది.

నీ మేలు కోరే నాయన,
జకరయ్య.

తా.క. ఇప్పుడే కాగితం వెనకవైపు తిప్పి చూశాను. సావుకారు విప్పుతాడని ముందువైపే రాయవద్దా? అంతా రాసి కవరు అంటించేశాను. దీన్ని నాలుక మీద రాస్తున్నాను, మనిషి నాలుక కాదు, కవరుది, వెనక మడిచి అంటించే అంచు. ఇంకో కవరు కావాలంటే ఆళ్లగడ్డ పోవాలి. సావుకారు విశ్వేశ్వరయ్య గారికి నా నమస్కారములు.


నంద్యాల,
జూన్ 28, 1985.

మేస్త్రీ శ్రీ జకరయ్య గారికి,

తమ జవాబు అందినది. యజమాని గారు దానిని స్వయంగా, బిగ్గరగా, ఆఫీసు అందరి ఎదుట చదివినారు.

కూలీ స్త్రీలు యజమాని గారిని ఏమని తిట్టుకొందురో వివరముగా తెలుపవలెనని వారి ఆజ్ఞ. ఇది నివేదికలో చేర్చుటకు కాదు, తన సొంత ఎరుకకు మాత్రమేనని కూడా వారు చెప్పినారు.

యంత్రము గురించి కూలీలకు తమరు ఇట్లు నచ్చజెప్పగలరు. అది ఎల్లవేళలా వినదు. మీట నొక్కి మాట్లాడినప్పుడే మాట అవతలికి పోవును. మాట ముగిసిన పిదప 'ఓవర్' అని చెప్పి మీట వదలవలెను. అప్పుడు అవతలివారు మాట్లాడుదురు.

పరీక్ష నిమిత్తము ఒక సెట్టును కొండయ్య లారీలో పంపుచున్నాము. జులై రెండవ సోమవారము ఉదయము పది గంటలకు ఇక్కడినుండి నేను పిలిచెదను. అక్కడినుండి తమరే పలుకవలెను. కంపెనీ మనిషి కూడా ఇచ్చట ఉండి వినును. కూలీలందరికీ తెలియునట్లు 'అందరూ సిద్ధంగా ఉండవలెను' అని షెడ్డు గోడ మీద వ్రాయించగలరు.

ఇట్లు,
బి. శాంతమ్మ, టైపిస్టు.

తా.క. నాయనా, నీ ఉత్తరం చదివినప్పుడు ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు. ఊరిబిండి దగ్గర సావుకారు ఆగి, మెంతులు వేస్తారా వేయరా అని నన్నడిగాడు.

గోస్పాడు సంబంధానికి నేను సరే అనలేదు. వద్దన్నాను. క్రిస్మస్ రోజు మన ఇంటి అరుగు మీద కూర్చుని, జయరాజు నన్ను ఉద్యోగం మానెయ్యమంటున్నాడు, నాకిష్టం లేదు నాయనా అని అంతా నీకే చెప్పాను. నువ్వు చిరునవ్వుతో తల ఊపావు. ఎంత మంచి నాయన అనుకుంటూ బస్సెక్కాను. ఇప్పుడేమో అమ్మ ఇల్లు అలుకుతోందని రాస్తున్నావు.

ఇంకొక్క మాట. ఈ సెట్టు మన గనికి వచ్చి తీరాలి. పోయిన వానల్లో, రాయి ఏరే ఏసమ్మ కాలు మీద రాయి పడితే, లారీ వచ్చేదాకా ఆమె అక్కడే తడుస్తూ పడి ఉంది. ఆ కాలు ఇప్పటికీ తిన్నగా లేదు. అదే కబురు ఆఫీసుకు తెలిసి ఉంటే ఆళ్లగడ్డ నుంచి జీపు పంపేవాళ్లం. ఆ గనిలో నువ్వుంటావు నాయనా. నాకు వేరే కారణం అక్కర్లేదు.


చింతగుట్ట గని,
జులై 5.

చిరంజీవి శాంతమ్మకు నాయన దీవెనలు. సావుకారు గారు చదువుతున్నట్లయితే వారికి నమస్కారాలు.

సెట్టు వచ్చింది. కొండయ్య దాన్ని తన దుప్పటిలో చుట్టి, పసిబిడ్డను దించినట్లు దించాడు. షెడ్డు గోడ మీద సున్నంతో నువ్వు చెప్పినట్లే 'అందరూ సిద్ధంగా ఉండవలెను' అని నేనే రాశాను. ఎందుకు, ఎప్పుడు అని రాయలేదు. అక్కడే వచ్చింది తంటా.

పొద్దున పనికి వచ్చిన ఆడవాళ్లు అది చూసి గోడ ముందు నిలబడిపోయారు. ప్రభువు రాకడ, లోకాంతం దగ్గరపడిందని, అది జకరయ్యకు ముందుగా తెలిసిందని ఊరంతా పాకింది. మన చర్చి సంఘంలో నేను పెద్దను కాబట్టి నమ్మారు కాబోలు. ఆదెమ్మ మంచి చీర కట్టుకుని, కోళ్లను ఇరుగుపొరుగుకు పంచిపెట్టి వచ్చింది. తగాదాలు పడ్డవాళ్లు ఒకరింటికొకరు పోయి చేతులు పట్టుకున్నారు. మీ అమ్మ తన తోడికోడలికి, ఎప్పుడో తీసుకుని లేదన్న ఇత్తడి చెంబు తిరిగి ఇచ్చేసింది. పాస్టరు గారు వచ్చి ఇది వైర్‌లెస్ సంగతని చెప్పేసరికి సాయంత్రమైంది. కోళ్లు తిరిగి వచ్చాయి. చెంబు రాలేదు.

మరునాడు ఇంకొకటి. కొండయ్య మీట ఎలా నొక్కాలో అందరికీ చూపిస్తూ గట్టిగా "ఓవర్" అన్నాడు. ఆదెమ్మ ఆ మాట విని, ఓవర్ అంటే అయిపోయిందనే కదా, ఇంటికి పోదాం పదండి అన్నదట. నేను మందు పేల్చే చోటు చూసుకుని పైకి వచ్చేసరికి గనిలో మనిషి లేడు. తట్టలు మాత్రం వరసగా బోర్లించి ఉన్నాయి.

ఆడవాళ్లు సావుకారును ఏమని తిట్టుకుంటారని అడిగారు. మరీ చెడ్డగా ఏమీ కాదు. ఆయన వచ్చే జన్మలో ముగ్గురాయై పుట్టి తమ తట్టలోకే రావాలంటారు. మా మతంలో మళ్లీ పుట్టడం లేదు కాబట్టి ఆ తిట్టు తగలదని నేను నచ్చజెప్పాను. ఆయన మతంలో ఉంది కదా అన్నారు.

పెట్టెలో నేను మాట్లాడటం కుదరదు తల్లీ. కొండయ్యను పెట్టండి. నేను మేస్త్రీని, నాకు కిందా పైనా పని ఉంటుంది.

గోస్పాడు మాట. నువ్వు అరుగు మీద నవ్వుతూ చెప్పావు. నవ్వుతూ చెప్పేది ఎవరైనా 'సరే' అనుకుంటారు.

నీ నాయన,
జకరయ్య.

తా.క. ఊరిబిండిలో మెంతులు వేయరు. సావుకారు గారికి చెప్పు. ఎవరో వేస్తారని ఆయనకు చెప్పి ఉంటే వాళ్లు మన వైపువాళ్లు కారు.


నంద్యాల,
జులై 10, 1985.

మేస్త్రీ శ్రీ జకరయ్య గారికి,

సోమవారము జరిగిన పరీక్షలో చింతగుట్ట గని నుండి ఎట్టి జవాబు రాలేదు. సెట్టు బాగుగానే పనిచేయుచున్నదని కంపెనీ మనిషి ధ్రువపరచినారు. కావున యంత్రము సిద్ధంగా ఉన్నదనియు, గని సిద్ధంగా లేదనియు వారి అభిప్రాయము. వచ్చే సోమవారము లోపల వేరే ఏర్పాటు కానిచో, ఈ సెట్లను అవుకు దగ్గరి నాపరాళ్ల గనికి, అనగా యజమాని గారి బావమరిది గనికి పంపుటకు నిర్ణయమైనది.

ఇట్లు,
బి. శాంతమ్మ.

తా.క. ఈసారి వెనకవైపే ఎక్కువ రాయాల్సి ఉంది నాయనా.

పది గంటలకు సెట్టు ముందు కూర్చున్నాను. ఒక పక్క సావుకారు, ఇంకో పక్క ఆయన భార్య అన్నపూర్ణమ్మ గారు. ఆఫీసు వెనకే వాళ్ల ఇల్లు కదా, వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ చూడటానికి వచ్చారు. కంపెనీ మనిషి తల ఊపగానే మీట నొక్కాను. ఇంగ్లీషులో ఏదో చెప్పమని నేర్పించారు. అదంతా మరిచిపోయాను. "నాయనా, నేను శాంతమ్మను. వినపడతాండాదా?" అన్నాను. ఓవర్ అన్నాను. జవాబు లేదు. మళ్లీ పిలిచాను. గర్రుమని గాలి చప్పుడు తప్ప ఏమీ రాలేదు. అన్నపూర్ణమ్మ గారు నా వీపు మీద చెయ్యి వేసి, మీ నాయన యాడికన్నా పోయింటాడులేమ్మా అన్నారు. నేనూ అదే అనుకున్నాను.

నిన్న కొండయ్య వచ్చాడు. నువ్వు ఎక్కడికీ పోలేదట. షెడ్డులో సెట్టును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నావట. నా గొంతు గని అంతా వినపడిందట. ఆడవాళ్లు పని ఆపి నీ వైపే చూస్తున్నారట. నువ్వు నవ్వుతూ కూర్చున్నావే తప్ప పలకలేదట. తను పలకబోతే నువ్వు సెట్టు వదలలేదని చెప్పి, ఇంకేమీ అడగక ముందే లారీ ఎక్కి పోయాడు.

నా మీద అంత కోపమా? గోస్పాడు సంబంధం కాదన్నందుకేనా? కోపమైతే తిట్టు. చిన్నప్పుడు తిట్టేవాడివి, నేను ఏడిచేదాన్ని, మళ్లీ నువ్వే ఆళ్లగడ్డ తీసుకుపోయి విగ్రహాలు చెక్కేవాళ్ల దగ్గర రాతి ముక్కలు అడిగి ఆడుకోవడానికి ఇప్పించేవాడివి. అందరి ముందూ పిలిస్తే పలకకుండా కూర్చోవడం మాత్రం నీకు ఎప్పుడూ లేదు.


చింతగుట్ట గని,
జులై 14.

నా తల్లి శాంతమ్మకు,

కోపం లేదు. ముందు అది రాసి తర్వాత మిగతాది రాస్తున్నాను. మీ అమ్మ మీద ప్రమాణం చేద్దామంటే, నా మీద ఎందుకు, నీ మీదనే చేసుకో అంది.

గోస్పాడు వాళ్లకు వద్దని కబురు పంపించాను. నువ్వు కాగితం మీద స్పష్టంగా రాశావు కాబట్టి సంగతి అర్థమైంది. ఉద్యోగం మానమనే ఇంటికి నిన్ను ఎందుకు పంపుతాను? అరుగు మీద చెప్పినప్పుడే అర్థమై ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. ఇక మీదట నాకు చెప్పాల్సింది ఏదైనా కాగితం మీదే చెప్పు. ఎదురుగా ఉన్నా సరే, ఉత్తరం రాయి. పెద్దవాళ్లకు కాగితం మీద చెప్పడమే మర్యాద.

సోమవారం సంగతి. నేను పొద్దున్నే తలకు పోసుకుని, చర్చికి వేసుకునే చొక్కా వేసుకున్నాను. కనపడదని కొండయ్య చెప్పాడు. అయినా వేసుకున్నాను. సెట్టు ఒళ్లో పెట్టుకుని నీ కోసం చూస్తూ కూర్చున్నాను. నువ్వు పిలిచావు. పెట్టె వణికింది. చేతులకు తెలిసింది. చిన్నప్పుడు నిద్రపట్టక నా గుండె మీద పడుకుని ఏదో ఒకటి చెప్పేదానివి కదా, అప్పుడు నా ఎముకలకు తెలిసినట్లే ఉంది. ఆగింది, మళ్లీ వణికింది. అది నువ్వేనని, నన్నే పిలుస్తున్నావని తెలుసు. "ఏం తల్లీ" అన్నాను కూడా. మీట నొక్కలేదని తర్వాత చెప్పారు. పెట్టెను ఇంకెవరికీ ఇవ్వబుద్ధి కాలేదు. అంతే జరిగింది.

సెట్లను అవుకు వాళ్లకే పంపమని చెప్పు. మా గుంతకు అవన్నీ వద్దు. మనకు ఉత్తరాలు ఉన్నాయి. ఆలస్యమైనా ఉత్తరంలో ఒక్క మాట కూడా తప్పిపోదు.

నీ నాయన,
జకరయ్య.

తా.క. ఆదెమ్మ పన్ను నొప్పి అని చెప్పి ఈ వారంలో పని మాని నంద్యాల బస్సెక్కుతానంటోంది. ఆ నోట్లో నొప్పి ఉన్న పన్ను ఏదో నాకు తెలియదు, అన్నీ గట్టిగానే పనిచేస్తున్నాయి. ఆఫీసు వైపు వస్తే కాఫీ ఇప్పించు. సావుకారుకు మాత్రం ఎదురు పడనీయకు.


నంద్యాల,
జులై 20, శనివారం.

మా నాయనకు శాంతమ్మ రాసేది.

ఈ ఉత్తరంలో మిషను అక్షరం ఒక్కటీ లేదు. కార్బన్ కాపీ లేదు. రెండువైపులా మనదే.

నీ ఉత్తరాన్ని సావుకారు ఎప్పటిలాగే బిగ్గరగా చదవడం మొదలుపెట్టాడు. చర్చి చొక్కా దగ్గర అందరూ నవ్వారు. తర్వాత 'పెట్టె వణికింది' అనే మాట చదివి ఆగాడు. కళ్లద్దాలు తీశాడు. కాగితం నా చేతికిచ్చి, మిగిలింది నువ్వే చదువుకోమ్మా అన్నాడు. నేను ఆ మాటలు ఒకటికి నాలుగుసార్లు చదివాను. పెట్టె మాట్లాడుతుంటే వినపడిందని ఎవరైనా రాస్తారు. వణికిందని రాసేది ఎవరు నాయనా?

అప్పటికి ఆదెమ్మ మెట్లెక్కుతోంది. కాఫీ ఇస్తానంటే వద్దంది. సావుకారుకు ఎదురు పడనీయవద్దని రాశావు, ఆమె నేరుగా ఆయన బల్ల దగ్గరికే పోయి నిలబడింది.

"సావుకారూ, మాటలు మోస్తాదని మేము ఆ పెట్టెను వద్దన్లేదు. మా మేస్త్రికి చెవులు వినపడవు. మందు పేల్చి పేల్చి పోయినాయి. ఆయప్ప ఎవురికీ తెలీదనుకుంటాండాడు. గనిలో మాకందరికీ తెలుసు. ఆ పెట్టె వచ్చిందంటే ఆయప్ప సంగతి బయట పడతాదని, మేమే అడ్డం పడితిమి."

ఆమే మిగతాదంతా చెప్పింది. రాకడ అని ఊరంతా పాకించింది తనేనట. పాస్టరు గారు అంత తొందరగా వస్తారనుకోలేదట, ఇంకో వారం నడిపిద్దామనుకుందట. ఓవర్ అంటే ఏమిటో కొండయ్య ముందే చెప్పాడట. సెట్టును లారీలోంచి కింద పడేయమని కూడా అడిగారట. అంత మంచి వస్తువును పడేయడానికి వాడికి మనసొప్పలేదట.

ఇంకొకటి కూడా చెప్పింది. మందుకు నిప్పు పెట్టబోయే ముందు ఈల వేస్తారు కదా, అది నీకు వినపడదని వాళ్లకు రెండేళ్లుగా తెలుసు. అందుకే ఈల వేసే వేళకు ఎవరో ఒకరు నీ దగ్గరికి వస్తారట. తట్ట దింపమనో, నీళ్లు తాగుతావా అనో, భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకుపోతారట. పని ఎగ్గొట్టి నీ చుట్టూ తిరుగుతున్నారని నువ్వు తిడతావట. "తిట్టనీలే, తిట్టేదానికి మనిషి ఉండాల కదా" అంది ఆదెమ్మ. ఏసమ్మ కాలు నొప్పితో కూడా తన వంతు తప్పించుకోదట.

అమ్మకూ తెలుసు. నేనొక్కదాన్నే, క్రిస్మస్ నాడు నీ పక్కన కూర్చుని నా బతుకంతా చెప్పి, తల ఊపాడు, చాలు అనుకుని లేచి వచ్చాను. నువ్వు నా ముఖం చూసి, నేను సంతోషంగా ఉన్నానో లేదో కనిపెట్టి, దాన్నిబట్టి తల ఊపావు. నేను నవ్వుతూ చెప్పాను కాబట్టి నువ్వూ నవ్వావు.

సావుకారు కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. వినపడని మనిషిని మందు దగ్గర ఉంచడం ఇన్నాళ్లు నడిచింది దేవుడి దయ, ఇక మీదట నడవనీయను అన్నాడు. ఆదెమ్మ ముఖం పడిపోయింది. తీసేస్తావా అనడిగింది. "ఎవురు తీసేస్తారు? రాయిని చూసి రకం చెప్పే కన్ను ఆయప్పకే ఉండాది. పైన యార్డులో కూర్చోమనండి. మేస్త్రీ ఆయప్పే" అన్నాడు. మందు పని చూడటానికి ఇంకొక మనిషి వస్తాడు. ఈలతో పాటు ఎర్ర జెండా కూడా ఎత్తాలని ఆ పూటే నాచేత కాగితం కొట్టించాడు. అవుకు బావమరిదికి సెట్లు లేవని కబురు పోయింది. అక్కడ ఎంత గొడవ అయిందో నాకు చెప్పలేదు.

వైర్‌లెస్‌లో మాట్లాడే మనిషి ఆదెమ్మ. పరీక్ష చేద్దామని, అవుకుకు పంపడానికి కొండయ్య వెనక్కి తెచ్చిన గని సెట్టును ఆమెకు ఇచ్చి పెరట్లోకి పంపాము. రెండో సెట్టు దగ్గర నేను కూర్చున్నాను. "మేస్త్రీ కూతురా, నేనుమ్మే" అని స్పష్టంగా వినపడింది. సావుకారు సంబరపడి నివేదికలో రాయమన్నాడు. అన్నపూర్ణమ్మ గారు వచ్చి చూసి, నా సెట్టు స్విచ్చి ఇంకా వేయనే లేదని చూపించారు.

నివేదిక పూర్తి చేశాను. 'చింతగుట్ట గని సిద్ధంగా ఉన్నది' అని ఒక్క వాక్యమే రాశాను. ఎలా అంచనా వేశారని కంపెనీవాళ్లు అడిగితే ఏం చెప్పాలో సావుకారే చూసుకుంటానన్నాడు.

సోమవారం మనం కర్నూలు పెద్దాసుపత్రికి పోతున్నాం. చెవిలో పెట్టుకునే మిషను ఉంటుందట. దానితో కొందరికి వినపడుతుంది, కొందరికి వినపడదు. వినపడితే మంచిది. లేకపోతే నేను మెల్లగా, నీ ముఖం వైపు తిరిగి చెబుతాను. అర్థం కాకపోతే తల ఊపవద్దు. 'ఏందీ' అని అడుగు. ఎన్నిసార్లు అడిగినా నాకు విసుగు రాదు నాయనా. ఊరికే తల ఊపావంటే మాత్రం పోట్లాడతాను.

నీ సంగతి బయటపెట్టిందని ఆదెమ్మను ఏమీ అనవద్దు. ఆమెకు నిజంగానే పన్ను నొప్పి ఉంది. డాక్టరు దగ్గరికి తీసుకుపోయి పీకించాను. ఆ పూట ఆమె ఒక్క మాట మాట్లాడలేదు, బస్టాండులో మన ఊరివాళ్లందరూ నన్నే అనుమానంగా చూశారు.

నీ కూతురు,
శాంతమ్మ.

తా.క. ఆదివారం పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చి, నమస్కారమైనా చెప్పకుండా ఈ కవరు నీ చేతిలో పెట్టి ఎందుకు కూర్చున్నానా అని ఆశ్చర్యపోయి ఉంటావు. ఎదురుగా ఉన్నా కాగితం మీదే చెప్పమన్నావు కదా. ఇంక రాయాల్సింది ఏమీ లేదు. తల ఎత్తి నా వైపు చూడు నాయనా.